సెమ్మెల్వైసు వైద్యుని చరిత్రము

చరకాచార్యులు చికిత్సకు నాలుగు పాదములు చెప్పియున్నారు. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి యను నీ నాలుగును తగిన గుణములు గలవైనపుడే వ్యాధి శమించునని వారి నిర్ణయము. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు విధించుచు, శౌచమును వారు రెండు చోట్ల పేర్కొనిరి; వైద్యునకును అది యుండవలయును, పరిచారకునకును అది యుండవలయును. పూర్వకాలమున వైద్యుడు సాధారణముగా రోగి యింటికి పోయి చికిత్స చేయుచుండెడివాడు. ఇప్పుడు రోగియే వైద్యశాలకు పోవుచున్నాడు. వైద్యశాల యనగా ఒక్క వైద్యుడు కాదు. అందు పెద్ద వైద్యులు, చిన్న వైద్యులు, విద్యార్థులు, పరిచారికలు, చాకలివారు, గుమాస్తాలు, వీరందఱిపై అధికారులు, ఆ యధికారులపై ప్రభుత్వము నుందురు. కావున నిర్వహణమను నైదవ పాద మొకటి చికిత్స కేర్పడినదని చెప్పుట తప్పు గాదు. మొదటి నాలుగు పాదములు శ్రేష్ఠములై యుండియు, ఈ యైదవది పుచ్చిపోయినచో నెన్ని ప్రాణములు పోవునో తెలుపు చరిత్ర మొకటి గలదు. అది ఇగ్నాజ్ సెమ్మెల్వైసు అను వైద్యుని చరిత్రము.

మన సంఘ సంచికలో నొక పరదేశీయుని జీవిత మేల యని కొందఱు పాఠకులు శంకింపవచ్చును. మన పోషకులలో తల్లిదండ్రుల పేరిట వైద్యశాలలకు గదులు కట్టించినవారును, మంచములు వేయించినవారును గలరు. మన పిల్లలలో వైద్యవిద్య నభ్యసించినవారు నానాట పెరుగుచున్నారు. వైద్యశాలకు ధనమిచ్చుట యెంత పుణ్యమో, ఆ వైద్యశాల యెట్లు నడచుచున్నదో విచారించుట అంతకు తక్కువ పుణ్యము గాదని మా యభిప్రాయము. ఆ విచారణ లేమివలన కలుగు కీడును ఈ మహనీయుని చరిత్రము చూపినంత స్పష్టముగా మఱియొకటి చూపదు. అందువలన దీనిని వ్రాయ బూనితిమి.

సెమ్మెల్వైసు 1818వ సంవత్సరము జూలై 1వ తేదీన హంగేరీ దేశమున డాన్యూబు నదీతీరమందలి బుడా నగరమున జన్మించెను. నేడు బుడాపెస్టు అని వ్యవహరింపబడు మహానగరమున బుడా యొక భాగము, పెస్టు మఱియొక భాగము. తండ్రి కిరాణా వర్తకుడు, కలిగినవాడు. ఇంట మాట్లాడునది జర్మను భాషయొక్క యొక మాండలికము. చుట్టునున్న దేశభాష హంగేరియను. రెండింటి నడుమ పెరిగిన ఈ బాలునకు ఏ భాషయందును వ్రాత సుకరముగా నబ్బలేదు. లేఖిని చేపట్టుట యనిన నాతనికి జీవితాంతము జంకుగనే యుండెను. ఇది చిన్న లోపముగా తోచును గాని, తరువాతి కథలో దీనికిని కొంత పాలు గలదు.

1837లో నాతడు న్యాయశాస్త్రము చదువుటకై ఆస్ట్రియా సామ్రాజ్యపు రాజధానియగు వియన్నాకు పోయెను. మఱుసటి సంవత్సరమే ఆ చదువు మాని వైద్యమునకు మరలెను. 1844లో వైద్యపట్టము పొంది, ప్రసూతి వైద్యమున విశేషముగ పరిశ్రమ చేసెను. ఆ కాలమున వియన్నా వైద్యవిద్యకు కాశివంటిది. శవపరీక్షవలన రోగనిదానము చేయుటలో నద్వితీయుడైన రొకిటాన్స్కీ, రోగుల వక్షఃస్థలమున ధ్వని విని వ్యాధిని గుర్తించుటలో ప్రసిద్ధుడైన స్కోడా, చర్మవ్యాధుల నెఱిగిన హెబ్రా అచ్చట నుండిరి. మొదటి యిరువురు సెమ్మెల్వైసునకు గురువులు, హెబ్రా ప్రాణస్నేహితుడు.

1846లో నాతడు వియన్నా పెద్దాసుపత్రిలో మొదటి ప్రసూతిశాలకు సహాయ వైద్యుడుగా నియమింపబడెను. ఆ యాసుపత్రిని 1784లో రెండవ జోసెఫు చక్రవర్తి స్థాపించెను. ప్రసూతిశాలలో బీదస్త్రీలకు ఉచితముగా పురుడు పోయుచుండిరి. పుట్టిన శిశువును పెంచలేని తల్లి దానిని ప్రభుత్వపు శిశుపోషణాలయమున విడువవచ్చును. ఇది గొప్ప దానమే. కాని దానికి మూల్య మొకటి యుండెను. అచ్చట పురుడు పోసికొను స్త్రీ తన దేహమును విద్యార్థుల పాఠమునకు ఒప్పగింపవలయును. ధనికురాలు ఇంటనే పురుడు పోసికొనును; బీదరాలు పలువురు విద్యార్థుల చేతులకు తన్ను తా నప్పగించుకొనును. ఈ భేదమును పాఠకులు మనసున నుంచుకొందురు గాక.

ప్రసూతిశాల రెండు భాగములుగా నుండెను. 1840వ సంవత్సరము వఱకు వైద్యవిద్యార్థులును మంత్రసాని విద్య నేర్చు స్త్రీలును రెండింటను కలిసియే నేర్చుకొనుచుండిరి. ఆ యేట రాజశాసనమువలన మొదటి శాల వైద్యవిద్యార్థులకును, రెండవ శాల మంత్రసానులకును వేఱుచేయబడెను. ఆసుపత్రికి వచ్చు స్త్రీలను దినము మార్చి దినము ఒక్కొక్క శాలయందు చేర్చుకొనుచుండిరి. చేర్చుకొనుటలో ధనభేదము లేదు, ఆరోగ్యభేదము లేదు. వచ్చిన దినమునుబట్టియే శాల నిర్ణయమగుచుండెను. రెండు శాలలును ఒక్క ప్రాంగణమందే యుండెను. ఆహారమును ఉపచారమును ఇంచుమించుగ నొకటియే.

అయినను మృత్యువు రెండింటను నొకటిగా లేదు. ప్రసవానంతరము మూడు నాలుగు దినములలో చలిజ్వరము వచ్చి, కడుపుబ్బి, సంధి పుట్టి, తల్లి మరణించు వ్యాధిని మన పూర్వులు సూతికారోగములలో చేర్చిరి. సూతికాజ్వర మందము. 1841 మొదలు 1846 వఱకు ఆఱు సంవత్సరములలో మొదటి శాలయందు 20,042 ప్రసవములు జరుగగా 1,989 మంది తల్లులు చనిపోయిరి. రెండవ శాలయందు 17,791 ప్రసవములకు 691 మంది చనిపోయిరి. అనగా మొదట నూటికి పదిమంది, రెండవదానిలో నూటికి నలుగురు. 1842లో మొదటి శాలయందు నూటికి పదునైదుగురికి మించి మరణించిరి. పైగా వ్యాధి ప్రబలినపుడు మొదటి శాలలోని రోగిణులను పెద్దాసుపత్రిలోని యితర విభాగములకు పంపుచుండిరి. వారచ్చట చనిపోయిన నా లెక్క ప్రసూతిశాల ఖాతాలోనికి రాదు. కావున నిజమైన మరణసంఖ్య పైని చెప్పినదానికంటె నెక్కువ.

ఈ సంగతి పట్టణములోని బీదస్త్రీ లెల్ల నెఱుగుదురు. తమ వంతు మొదటి శాలకు వచ్చినదని తెలిసినవారు వైద్యుల కాళ్లపై బడి రెండవ శాలకు పంపుమని వేడుకొనుచుండిరి. కొందఱు దారిలోనే ప్రసవించి, బిడ్డను చేత బట్టుకొని ఆసుపత్రికి వచ్చుచుండిరి. ఆశ్చర్యమేమన, వీథిలో నే సహాయమును లేక ప్రసవించిన ఆ స్త్రీలలో సూతికాజ్వరము మిక్కిలి యరుదు. అక్షరము రాని బీదరాలికి తెలిసిన సత్యము పండితులకు తెలియకపోలేదు. వారి ఖాతాలలోనే యది యున్నది. కాని దానిని ప్రశ్నగా తీసికొన్నవాడు లేకపోయెను.

ఇచ్చట మా యనుభవమునుబట్టి యొక మాట చెప్పుదుము. మేము బహుకాలము పాఠశాలలలో పనిచేసి, హాజరుపట్టీలు నింపి, పైయధికారులకు లెక్కలు పంపినవారము. లెక్క యున్నదా యని యడుగువారు పెక్కుమంది. లెక్క యేమి చెప్పుచున్నదని యడుగువారు బహు తక్కువ. పట్టీ నిండిన విధి తీరినట్లే తోచును. వియన్నాలోను నట్లే జరిగెను. ఏటేట మరణసంఖ్యలు చక్కగా వ్రాయబడుచు, పైకి పంపబడుచు, బీరువాలలో భద్రపఱుపబడుచుండెను.

ప్రభుత్వము ఊరకుండెనని చెప్పరాదు. విచారణసంఘములు కూర్చుండెను. 1846లో నొక సంఘము, విదేశీయ విద్యార్థులు స్త్రీలను మోటుగా పరీక్షించుటయే వ్యాధికి కారణమని నిర్ణయించి, విద్యార్థుల సంఖ్యను 42 నుండి 20కి తగ్గించి, విదేశీయులను దాదాపుగా తొలగించెను. కొలది మాసములు మరణములు తగ్గి, మరల పెరిగెను. దోషమును బయటివానిపై మోపుట సులభము; పరదేశి యెదురుచెప్పడు. పండితులు చెప్పు కారణము వేఱొకటి: ఆకాశమునందును భూమియందును పుట్టు నొక దుష్టవాయువు వ్యాపించి స్త్రీలను చంపుచున్నదనిరి. అది నిజమైనచో ఒక్క ప్రాంగణములోని రెండు శాలలలో నొకదానిని విడిచి యొకదానినే పట్టనేల యని సెమ్మెల్వైసు ప్రశ్నించుకొనెను.

ఆతడు తార్కికుడు ప్రతిజ్ఞలను శోధించినట్లు ఒక్కొక్క కారణమునే శోధించెను. జనసమ్మర్ద మందమా, రెండవ శాలయే యెక్కువ క్రిక్కిఱిసి యుండెను. భయపడినవారందఱు అచ్చటికే పోగోరుచుండిరి గదా. మొదటి శాలలో మరణాసన్నల కడకు పోవు మతగురువు గంట మ్రోగించుచు ఐదు గదులు దాటి పోవుచుండెను. ఆ ధ్వని విని తక్కిన స్త్రీలు భయపడి జబ్బుపడుచున్నారని యొక వాదము. సెమ్మెల్వైసు మతగురువును వేఱుదారిని నిశ్శబ్దముగా రమ్మని కోరెను. ఫలము లేదు. రెండవ శాలలో స్త్రీలు ప్రక్కకు తిరిగి పరుండి ప్రసవింతురు; ఆ పద్ధతిని మొదటి శాలలోను ప్రవేశపెట్టెను. ఫలము లేదు. మృత్యువు తన దారి తాను పోవుచుండెను.

1847 మార్చిలో నాతడు కొన్నిదినములు వెనీసు నగరమునకు పోయి వచ్చునప్పటికి, తన మిత్రుడును న్యాయవైద్యశాస్త్రాచార్యుడును అగు కొల్లెచ్కా మరణించెనని విననయ్యెను. శవపరీక్ష సమయమున నొక విద్యార్థి చేతి కత్తి కొల్లెచ్కా వ్రేలికి గ్రుచ్చుకొనెను. ఆ గాయమునుండి విషమెక్కి ఆతడు చనిపోయెను. ఆతని శవపరీక్షా పత్రమును చదువుచు సెమ్మెల్వైసు నివ్వెఱపోయెను. అందు వర్ణింపబడిన లక్షణములు సూతికాజ్వరమున చనిపోయిన స్త్రీల శవములలో తాను నిత్యము చూచు లక్షణములే. పురుషునకు ప్రసూతి లేదు. అయినను వ్యాధి యదియే. కొల్లెచ్కాను చంపినది కత్తిమీది శవపదార్థము. స్త్రీలను చంపుచున్నది యేది? శవముల కోసిన చేతులతోనే తిన్నగా ప్రసూతిశాలకు వచ్చి వారిని పరీక్షించు వైద్యుల చేతులు. మంత్రసానులు శవముల నంటరు. అందుచేతనే రెండవ శాల బ్రతికినది. వీథిలో ప్రసవించినవారిని ఎవ్వరును పరీక్షింపలేదు. అందుచేతనే వారు బ్రతికిరి. 1840 నాటి శాసనము విద్యార్థులను వేఱుచేయుటలో మృత్యువును కూడ నెఱుగకయే ఒక్కచోటికి చేర్చెను.

1847 మే మాసము నడుమ నాతడు మొదటి శాల వాకిట క్లోరిను కలిపిన నీటిపాత్ర నుంచి, లోనికి పోవు వైద్యుడును విద్యార్థియు నందు చేతులు కడుగుకొనవలయునని విధించెను. క్లోరిను నీటికి వ్యయ మెక్కువగుటచే పిమ్మట సున్నపు క్లోరైడును వాడెను. మన యూళ్లలో నూతులలో చల్లు బ్లీచింగు పొడి యిదియే. అది మిగుల చవుకైనది. ఆ యేప్రిలులో నూటికి పదునెనిమిది మంది చనిపోయిన శాలయందు జూనులో 268 మందికి ఆఱుగురు, జూలైలో 250 మందికి ముగ్గురు, ఆగస్టులో 264 మందికి ఐదుగురు మాత్రమే చనిపోయిరి. 1848వ సంవత్సరమంతయు కలిసి 3,556 ప్రసవములకు 45 మరణములు. రెండవ శాలయందు 3,319కి 43. రెండు శాలలును సమములయ్యెను. ఆ యేట మార్చిలోను ఆగస్టులోను మొదటి శాలయం దొక్క తల్లియైనను ఈ జ్వరముచే చనిపోలేదు.

నడుమ నొక యపశ్రుతి కలిగెను. 1847 అక్టోబరులో గర్భాశయమున పుండు కుళ్లిన యొక స్త్రీ శాలలో చేరెను. ఆమెను పరీక్షించిన చేతులతోనే తరువాతివారిని పరీక్షింపగా, పండ్రెండుగురిలో పదునొకండుగురు చనిపోయిరి. దానినిబట్టి శవమునుండియే గాక, బ్రతికియున్న రోగి వ్రణమునుండియు విషము రాగలదని సెమ్మెల్వైసు గ్రహించి, ఒక్కొక్క రోగిణికిని నడుమ చేతులు కడుగుకొనవలయునని నియమము బిగించెను. తన సిద్ధాంతమును తన తప్పులతోనే దిద్దుకొనువాడు శాస్త్రజ్ఞుడు.

ఈ సత్యము సుఖకరమైనది గాదు. ఎవనికంటె నెక్కువగా శవముల కోసి నేర్చుకొన్నవాడు సెమ్మెల్వైసే. వేకువజామున శవాగారమునకు పోయి, అచ్చటినుండి ప్రసూతిశాలకు వచ్చుట యాతని నిత్యకృత్యము. తన చేతులచే నెందఱు తల్లులు అకాలమున గతించిరో దేవునికే తెలియునని ఆతడు తన గ్రంథమున నొప్పుకొనెను. జర్మనీలో కీలు నగరమున మిఖాయెలిసు అను ప్రసూతివైద్యుడు ఈ వార్త విని తన శాలయందు చేతులు కడుగు విధిని నెలకొల్పెను. అప్పటికే తన బంధువు నొకతెను తాను పరీక్షించియుండగా నామె ఈ జ్వరముచే చనిపోయియుండెను. ఆ బాధను భరింపలేక 1848లో రైలుబండి క్రింద పడి ఆతడు ప్రాణము విడిచెను. సత్యము నంగీకరించుట కొందఱికి ప్రాణాంతకమైనది. దానిని త్రోసిపుచ్చుట సులభమైనది. త్రోసిపుచ్చినవాడు హాయిగా నిద్రపోగలడు.

వియన్నాలో త్రోసిపుచ్చినవాడు మొదటి శాలాధిపతియగు క్లైను. ఆతనికి పూర్వము ఆచార్యపదవియందున్న బోయరు శవములతో ప్రసూతివిద్యను బోధింప నిరాకరించి, బొమ్మలతోనే పాఠములు చెప్పెను. ఆతని కాలమున మరణములు సగటున నూటికి ఒకటి రెండింటికి మించలేదు. 1822లో నాతడు పదవినుండి తొలగిన పిమ్మట క్లైను శవములపై బోధన ప్రారంభించెను; మరణములు పలుమడుగులు పెరిగెను. కావున సెమ్మెల్వైసు మాట నంగీకరించుట యనగా, తన పాలనలోని ఇరువదియైదు సంవత్సరముల మరణములకు తానే బాధ్యుడనని క్లైను ఒప్పుకొనుట. ఆతడు దుర్మార్గుడని మేము చెప్పము. అంత భారమును ఎవడైనను ఇష్టముతో తలకెత్తుకొనునా? అందుకే తీర్పు చెప్పు నధికారము అట్టివాని చేతిలో నుండరాదు. సంస్థయొక్క తప్పును సంస్థాధిపతియే విచారించుట, ముద్దాయియే న్యాయాధిపతి యగుట.

ప్రతిపక్షమువారి వాదములలో కొంత న్యాయము లేకపోలేదు. కంటికి కనుపడని ఆ విషమేదియో సెమ్మెల్వైసు చూపలేకపోయెను. క్రిములవలన వ్యాధులు కలుగునను శాస్త్ర మింకను స్థిరపడలేదు. తన పరిశోధనను తాను వ్రాసి ప్రకటింపక, ఆతడు మిత్రుల కప్పగించెను. 1847 డిసెంబరులోను 1848 ఏప్రిలులోను హెబ్రా చిన్నవ్యాసములు వ్రాసెను గాని, చదివినవా రనేకులు అది శవస్పర్శను గూర్చియే యని తలచి, మిగిలిన భాగమును తెలిసికొనలేదు. వ్రాతకు వెఱచు ఆ పాత స్వభావము ఇచ్చట నెంతో నష్టము చేసెను.

1849లో స్కోడా ఈ విషయమును పరీక్షించుటకు విశ్వవిద్యాలయమువా రొక సంఘమును నియమింపవలయునని తీర్మానము తెచ్చెను. అధికసంఖ్యాకు లంగీకరించిరి. క్లైను ప్రభుత్వమున కాక్షేపణ తెలుపగా, మంత్రికార్యాలయము ఆ విచారణను నిలిపివేసెను. అదే మార్చిలో సెమ్మెల్వైసు ఉద్యోగకాలము ముగియగా, గడువు పొడిగింప నిరాకరించి, కార్ల్ బ్రౌను అనువానిని నియమించిరి. మన భాషకు సేవచేసిన బ్రౌను దొర యీతడు గాడు. ఈ బ్రౌను తరువాత వ్రాసిన గ్రంథమున సూతికాజ్వరమునకు ముప్పది కారణములు చెప్పి, శవవిషమును వానిలో నొకటిగా నెక్కడనో చివర చేర్చెను. ముప్పది కారణములున్నచోట నే యొక్కదానికిని బాధ్యుడుండడు.

సెమ్మెల్వైసు బోధనాధికారముకొఱకు దరఖాస్తు పెట్టుకొనెను. 1850 అక్టోబరులో వచ్చిన యుత్తరువు బొమ్మపై మాత్రమే బోధింపవచ్చునని కట్టడి చేసెను. ఆ యవమానమును సహింపలేక, మిత్రులకైనను చెప్పక, కొలది దినములలోనే ఆతడు వియన్నా విడిచి పెస్టు నగరమునకు పోయెను. తన పక్షమున నిలిచి పోరాడిన స్కోడా, హెబ్రా మొదలగువారికి ఇది మనస్తాపము కలిగించెను. మహాత్ములకును తొందరపాటు గలదు.

పెస్టులో రోఖుసు అను మునుల పేరిటి ఆసుపత్రియందు 1851 మొదలు 1857 వఱకు నాతడు జీతము లేక ప్రసూతివిభాగమును నడపెను. ఆ కాలమున 933 ప్రసవములకు ఎనమండుగురు మాత్రమే సూతికాజ్వరముచే మృతినొందిరి. 1855లో పెస్టు విశ్వవిద్యాలయమున ప్రసూతిశాస్త్రాచార్యుడయ్యెను. 1857లో మారియా వైడెన్‌హోఫరు అను నామెను వివాహమాడెను. వారి సంతానము ఐదుగురిలో నిరువురు శైశవముననే చనిపోయిరి.

విశ్వవిద్యాలయపు ప్రసూతిశాలయం దాతనికి క్రొత్త చిక్కు వచ్చెను. చేతులు శుభ్రముగా నున్నను మరణములు పెరిగెను. శోధింపగా దుప్పట్లలో దోషము కనుపడెను. ఒక బాలింత రక్తముతో తడిసిన దుప్పట్లు సరిగా ఉదుకబడకయే మఱియొక బాలింతకు పఱచబడుచుండెను. ఆతడు అధికారులతో పోరాడి, శుభ్రమైన వస్త్రములు తెప్పించిన పిమ్మటనే మరణములు తగ్గెను. మహాశాస్త్రము తెలిసిన యాచార్యుడు చాకిపద్దుల కొఱకు కచేరీతో కలహింపవలసి వచ్చెను. ప్రాణము వైద్యుని చేతిలో నున్నదని మనము తలంతుము. అది చాకలి చేతిలోను, ఆ చాకలికి డబ్బు చెల్లించు గుమాస్తా చేతిలోను గూడ నున్నది.

తుదకు 1861వ సంవత్సరపు ముద్రతో ఆతని గ్రంథము జర్మను భాషలో వెలువడెను. సూతికాజ్వరముయొక్క కారణమును, స్వరూపమును, నివారణమును దానిలో సంఖ్యలతో నిరూపించెను. కాని యది దీర్ఘము, పునరుక్తిభరితము, కోపపూరితము. ఐరోపాఖండపు ఆచార్యులలో పెక్కుమంది దానిని నిరాకరించిరి. బెర్లినులోని ప్రఖ్యాతుడగు వీర్కో కూడ నంగీకరింపలేదు. అంతట సెమ్మెల్వైసు బహిరంగలేఖలు వ్రాసి, తన్ను కాదన్న యాచార్యులను పేరుపెట్టి హంతకులని దూషించెను. చనిపోవుచున్న తల్లులను చూచుచున్నవాని కోపమది. కాని తిట్టబడినవాడు ఖాతా తెఱచి చూడడు, తలుపు మూసికొనును. ఆ లేఖలవలన నొక్క ప్రాణమైనను దక్కెనని చెప్పజాలము.

1865 నాటికి ఆతని బుద్ధియు ప్రవర్తనయు చెదరెను. ఆ జూలై చివర బంధుమిత్రు లాతనిని వియన్నాకు తోడ్కొనిపోయిరి. హెబ్రా తన క్రొత్త వైద్యశాలను చూపెదనని నమ్మించి పిచ్చియాసుపత్రిలో చేర్చెను. తప్పించుకొన ప్రయత్నించిన యాతనిని కావలివారు కొట్టి బంధించిరని, తరువాత బయల్పడిన పత్రములు చదివినవారు చెప్పుచున్నారు. రెండు వారములలో, 1865 ఆగస్టు 13వ తేదీన, చేతి గాయమునుండి విషము రక్తమున వ్యాపించి, నలుబదియేడవ యేట ఆతడు మరణించెను. కొల్లెచ్కా చనిపోయిన వ్యాధియే, ఆ వేలకొలది తల్లులు చనిపోయిన వ్యాధియే యాతనిని గైకొనెను. రోగులను రక్షింపవలసిన సంస్థ చేతులలోనే ఆతడును గతించెను.

ఆతడు చనిపోవుటకు ముందుదినమున, ఆగస్టు 12వ తేదీన, గ్లాస్గో నగరమున లిస్టరు అను శస్త్రవైద్యుడు కాలెముక విఱిగి పైకి వచ్చిన యొక బాలుని గాయమునకు కార్బాలికామ్లము వేసి కట్టెను. అది ఫలించి, శస్త్రచికిత్సయందు నూతనయుగము వచ్చెను. 1879లో పారిసులో పాస్తరు సూతికాజ్వరమునకు కారణమగు క్రిమిని పండితసభలో చూపెను. సెమ్మెల్వైసు చెప్పినది నిజమని లోకమెల్ల నొప్పుకొనెను. 1891లో నాతని యస్థులను బుడాపెస్టునకు తెచ్చిరి. 1969లో అచ్చటి వైద్యవిశ్వవిద్యాలయమునకు ఆతని పేరు పెట్టిరి. 2013లో నాతని పరిశోధనా పత్రములు యునెస్కో వారి ప్రపంచస్మృతి పట్టికలో చేర్పబడెను. ప్రపంచారోగ్యసంస్థవారు 2009 మొదలు ఏటేట మే 5వ తేదీన వైద్యశాలలకు చేతులు కడుగుకొను విధిని జ్ఞప్తి చేయుచున్నారు. ఆతడు నీటిపాత్ర నుంచి నూటయఱువది సంవత్సరములు దాటిన పిమ్మటను ఆ విధిని మరల మరల చెప్పవలసి వచ్చుచున్నదన్నమాట.

మన పెద్దలు శవమును మోసినవాడు స్నానము చేయక గడప త్రొక్కరాదనిరి. పురిటియింట మైల పాటించిరి. ఇది చూచి మన పూర్వులు సర్వమును ముందే యెఱిగియుండిరని గర్వించువారు గలరు. మేమట్లు తలపము. బాలింతను వెలుతురు రాని మూలగదిలో నుంచి, ఇంటనున్న చినిగిన పాత బట్టలనే యామె క్రింద పఱచిన ఆచారమును మనదే. మైల తనకంటకుండ తప్పుకొనుట వేఱు. తన మైల రోగికంటకుండ కాచుట వేఱు. చరకాచార్యులు వైద్యునకు విధించిన శౌచము రెండవది. సెమ్మెల్వైసు వియన్నాకు బోధించినదియు నదియే.

ఈ చరిత్రమునందు వైద్యులకు విద్య కొఱతపడలేదు. ప్రభుత్వమునకు ధనము కొఱతపడలేదు. మందు బహు చవుక. ఖాతాలలో సత్యము కన్నులయెదుట నుండెను. లేనిదెల్ల ఆ ఖాతాను చదివి, చిన్నవాడు చెప్పినను విని, పెద్దవానికి నొప్పి కలిగినను విచారించు ఏర్పాటు. ఐదవ పాదమనగా నిదియే. అజ్ఞానమున జరిగిన మరణములను దేవుడు క్షమించును గాక. 1848 నాటి లెక్క యెదుట నుండగా విచారణను నిలిపినవారి కాలమున జరిగిన మరణములు అజ్ఞానమువలన జరిగినవి గావు.

కావున మన పోషకమహాశయులు ఏ వైద్యశాలకైనను విరాళ మిచ్చునపుడు, గోడమీద పేరు చెక్కించుటతో తృప్తి చెందక, కొన్ని ప్రశ్నలు నడుగవలయును. ఈ యేట ఎందఱు వచ్చిరి, ఎందఱు స్వస్థులై పోయిరి, ఎందఱు మరణించిరి? ఇచ్చటినుండి వేఱొక చోటికి పంపబడినవారి గతి యేమయ్యెను? ఆ లెక్కను ఆసుపత్రి యధికారి గాక వేఱెవ్వరు చదువుచున్నారు? పక్కబట్టలు ఎన్నిదినముల కొకమాఱు ఉదుకబడుచున్నవి? తప్పు కనిపెట్టిన పరిచారిక భయము లేక చెప్పగలదా, చెప్పిన పిమ్మట నామె యుద్యోగము నిలుచునా? ఈ ప్రశ్నలకు వ్యయము లేదు, వైద్యవిద్యయు నక్కఱలేదు. మన పిల్లలలో వైద్యులైనవారు ఇట్టి ప్రశ్నలను అవమానముగా గాక సహాయముగా స్వీకరింతురు గాక యనియు, ఉచితచికిత్సకై చేయిచాచి వచ్చిన బీదతల్లి ప్రాణము ధనికుని ప్రాణమువలెనే లెక్కలోనికి వచ్చునట్లు మన సంఘీయు లెల్లరు చూతురు గాక యనియు మేము ప్రార్థించుచున్నాము.